సూది పట్టిన చెయ్యి

  

ఇవాళ మంగళగిరిలో మనం తలుచుకుంటున్నది కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారిని. 1912లో గుంటూరు జిల్లా కొమ్మూరులో పుట్టారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు చెప్పారు. 1992లో కన్నుమూశారు. క్రైస్తవ కళాశాలలో ఉద్యోగం, ఇంట్లో సంప్రదాయ పాండిత్యం, పద్యంలో బుద్ధుడు: ఈ మూడూ ఒక మనిషిలో ఏ తగాదా లేకుండా సర్దుకున్నాయి. ఆయన శిష్యులు గుంటూరు చుట్టుపక్కల ఊరికొకరు ఉంటారు. వాళ్ల ముందు ఆయన పాండిత్యాన్ని పొగడటం నాకు చేతకాని పని. ఆయన పద్యం ఒకటి పట్టుకుని, అది నన్ను ఎక్కడెక్కడికి తీసుకెళ్లిందో చెబుతాను.

ఆ పద్యం ఏదో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. 'పుష్పవిలాపం' అనగానే మనకు అక్షరాల కంటే ముందు ఘంటసాల గొంతు వినపడుతుంది. ఆయనదీ మన కృష్ణా జిల్లా చౌటపల్లే. గుడి మైకుల్లో, పెళ్లి పందిళ్లలో, తిరునాళ్లలో ఆ పద్యాలు ఎన్నిసార్లు మోగాయో లెక్కలేదు. విని కంటతడి పెట్టుకుని, ఆ సాయంత్రమే రెండు మూరల మల్లెపూలు కొన్నవాళ్లం మనమందరం. (నవ్వుతున్నారు. నేనూ కొన్నానండీ.)

ఒకటి

కథ చిన్నది. ఒకాయన పూజకు పూలు కోద్దామని పొద్దున్నే తోటకు వెళతాడు. పూలు గగ్గోలు పెడతాయి, అతన్ని నిలదీస్తాయి. అతను కోయలేక వట్టి చేతులతో తిరిగి వస్తాడు. అంతే.

ఇది చదివినవాళ్లు చాలామంది దీన్ని సుకుమారమైన కవిత అంటారు. నాకు మాత్రం తెలుగులో ఇంత భయంకరమైన ప్రకృతి కవిత ఇంకొకటి ఉందా అనిపిస్తుంది. అందులో ఉన్న వస్తువులు చూడండి. బుట్ట, సూది, దారం, పక్క, చీపురు. గొంతు తుంచడం, గుండెలో సూది గుచ్చడం, దారానికి ఉరి తీసినట్టు వేలాడదీయడం, రాత్రి పక్క మీద నలపడం, తెల్లారాక ఊడ్చి పారెయ్యడం. ఇంత హింస ఉన్న కవితలో శ్మశానం లేదు, పిశాచం లేదు, అర్ధరాత్రి లేదు. జరిగేది తెల్లవారుజామున. వెలుతురు బాగానే ఉంది. ఆ వెలుతుర్లో కనిపించే చీకటి ఒక చేతి వేళ్ల మధ్య ఉంది. చేసేవాడికి తాను చేస్తున్నది పూజాకార్యమే గానీ హింస అన్న ఊహే లేదు.

నా వాదన ఇక్కడి నుంచి మొదలవుతుంది. ప్రకృతిని మనిషి ఏం చేస్తున్నాడో చెప్పే కవితలో చీకటి ఎంత చిక్కగా ఉందో కొలిచి లాభం లేదు. ఆ చీకటి ఎవరి మీద పడిందో చూడాలి. కరుణశ్రీ దాన్ని పువ్వు మీద పడనివ్వలేదు. ఆయన కవితలో పువ్వు చివరి దాకా తాజాగానే ఉంటుంది, తెలివిగా వాదిస్తుంది, వెటకారం కూడా ఆడుతుంది. నలిగిపోయి మూలిగే పువ్వును చూపిస్తే మనం 'అయ్యో' అని ముందుకు వెళ్లిపోయేవాళ్లం. వాదించే పువ్వును దాటి వెళ్లడం కష్టం.

రెండు

ఇప్పుడు దాదాపు వెయ్యేళ్లు వెనక్కి వెళదాం. మీలో భారతం చదివినవాళ్లు ఎక్కువమందే ఉంటారు కాబట్టి కథంతా చెప్పను. నన్నయగారి ఆదిపర్వంలో ఖాండవ దహనం ఉంది. తెలుగు కవిత్వంలో ఒక అడవి మొత్తంగా నాశనం కావడం మనం మొదట చదివేది అక్కడే అనుకుంటాను.

ఆ నాశనానికి చెప్పిన కారణం గుర్తు చేసుకోండి. శ్వేతకి అనే రాజు యాగం మీద యాగం చేసి నెయ్యి ధారగా పోశాడు. అగ్నిదేవుడికి అజీర్తి చేసింది. మందుగా ఖాండవాన్ని తినమని బ్రహ్మగారు చెప్పారు. అగ్ని బ్రాహ్మణ వేషంలో వచ్చి కృష్ణార్జునులను ఆకలని అడిగాడు. వాళ్లు మాట ఇచ్చారు, ఆయుధాలు తీసుకున్నారు, అడవి చుట్టూ కాపలా కాశారు. తప్పించుకోబోయిన జంతువునీ పిట్టనూ మళ్లీ మంటలోకే పడగొట్టారు. ఇంద్రుడు వాన కురిపిస్తే అర్జునుడు బాణాల పందిరి వేసి ఒక్క చినుకు పడనివ్వలేదు.

ఇంతమంది ఉన్నారు, తప్పు ఎవరిదో చెప్పండి. నిప్పుకి ఒంట్లో బాగాలేదు. వైద్యుడు పథ్యం చెప్పాడు. వీరులు మాట నిలబెట్టుకున్నారు. ఎవరి పని వాళ్లు ధర్మంగానే చేశారు, అడవి మాత్రం బూడిదైంది. ఆ తర్వాతే మయుడు సభ కట్టాడు. రాజధాని ప్రాంతంలో నిలబడి ఈ కథ చెబుతున్నాను కదా అని దీన్ని ఇవాళ్టి ఎవరికో అంటగడుతున్నాననుకోకండి. కథ వెయ్యేళ్ల నాటిది, అసలు కథ అంతకన్నా పాతది.

ఆ మంటల వర్ణనలో పొగ ఉంది, హాహాకారాలు ఉన్నాయి, ఎర్రబడ్డ ఆకాశం ఉంది. అదంతా చూడముచ్చటగా కూడా ఉంటుంది, అదే చిక్కు. పెద్ద మంట ఎప్పుడూ తమాషాగా కనపడుతుంది. అసలైన చీకటి ఆ తర్వాత వస్తుంది, చాలా చిన్న చోట. శార్ఙ్గక పక్షుల కథ అది. జరిత అనే తల్లిపిట్టకు నాలుగు పిల్లలు. రెక్కలింకా రాలేదు. తండ్రి మందపాలుడు వేరేచోట ఉన్నాడు. మంట దగ్గరకొస్తుంటే, పక్కనున్న ఎలుక బొరియలో దూరండి, పైన దుమ్ము కప్పుతాను, మంట దాటాక వచ్చి తీస్తానంటుంది తల్లి. పిల్లలు వద్దంటాయి. లోపల ఎలుక తింటే నీచమైన చావు, నిప్పులో పోవడమే నయం, నువ్వు ఎగిరిపో అమ్మా, బతికుంటే నీకు మళ్లీ పిల్లలు పుడతారు అంటాయి.

ఆ బొరియ దగ్గర కాసేపు ఆగండి. ఒక పక్క అడవంత మంట, ఇంకో పక్క గుప్పెడు చీకటి. ఆ గుప్పెడు చీకట్లోకి పిల్లల్ని తోయాలా వద్దా అని ఒక తల్లి తేల్చుకోవాల్సి రావడం... అడవిని కాల్చినవాళ్లు పక్షికి మిగిల్చిన ఎంపిక అది. మంటల వర్ణన అంతా చదివినా నాకు అర్జునుడి మీద కోపం రాలేదు. ఈ సంభాషణ దగ్గర వచ్చింది. అగ్నిని స్తుతించి ఆ నాలుగూ బతికాయి, అందుకు సంతోషం. మిగతా గూళ్లలో ఏం జరిగిందో కావ్యం ఇంత దగ్గరగా చూపించలేదు.

మూడు

భావకవుల దగ్గర ఎక్కువసేపు ఆగను. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి 'కృష్ణపక్షం' 1925లో వచ్చింది. పేరులోనే చీకటి ఉంది. కానీ ఆ చీకటి కవిగారి సొంతం. ఆకులు, తెమ్మెరలు, కోయిలలు ఆయన దుఃఖానికి తోడుగా వచ్చినవి. వాటికి తమ బాధంటూ ఏదీ లేదు. అది తప్పని అనను, వాళ్ల కాలం వేరు, వాళ్ల పని వేరు.

అజంతా గారి 'చెట్లు కూలుతున్న దృశ్యం' సంగతి ఇంకోలా ఉంటుంది. ఆధునిక తెలుగు కవిత్వంలో అంతటి పీడకల మరొకటి చూపించడం కష్టం. కానీ అది చదివి మూసేశాక నా మనసులో మిగిలేది మనిషి లోపలి భయం. గొడ్డలి ఎవరిదన్న ప్రశ్న రాదు. చెట్టు కూలింది నిజమే, కూలింది మాత్రం మనిషి మెదడులో. గొప్ప కవితే, నా ఇవాళ్టి ప్రశ్నకు మాత్రం జవాబు అక్కడ దొరకదు. ఇస్మాయిల్ గారి దగ్గర దొరుకుతుందేమో చూశాను. ఒక సంపుటికి 'మృతవృక్షం' అని, ఇంకోదానికి 'చిలకలు వాలిన చెట్టు' అని పేరు పెట్టిన కవి ఆయన. చచ్చిన చెట్టునూ చిలకలు వాలిన చెట్టునూ పక్కపక్కన చూడగలిగిన కన్ను అది. ఆయన ఎవరి మీదా నేరం మోపలేదు. మోపకపోవడమే ఆయన పద్ధతి.

నాలుగు

జూన్‌లో నల్లమబ్బు కనపడితే డెల్టా రైతు మొహం విప్పారుతుంది. అదే మబ్బు కార్తీకంలో కోతల వేళ వస్తే గుండెల్లో రాయి పడుతుంది. నలుపు అదే. కింద పొలంలో నారుందా, పనలున్నాయా అన్నదాన్ని బట్టి మబ్బుకు మంచితనమో చెడ్డతనమో అంటుకుంటుంది. కవులు ఈ సంగతి మరిచిపోయి, నల్లగా ఉన్న ప్రతిదాన్నీ విలన్ చేసేశారు.

1977 నవంబరు 19. ఈ తేదీ చెప్పగానే వెనక కూర్చున్న పెద్దవాళ్లు తలలు ఎత్తారు. దివిసీమ ఉప్పెన. సర్కారు లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత వచ్చిన కవితల్లో సముద్రం రాక్షసి అయింది, నాలుక చాచిన మృత్యువయింది, కాళరాత్రి అయింది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి సముద్రాన్ని రాక్షసి అంటే ఆ మాట ఆమె హక్కు, వినాల్సిందే. ఊళ్లో డాబా మీద కూర్చుని రాసే కవికి మాత్రం ఇంకొంచెం పనుంది. ఒడ్డున మడ అడవి ఉంటే అల జోరు తగ్గుతుంది, ఆ అడవి ఎక్కడికి పోయింది? ఎక్కి ప్రాణం దక్కించుకోడానికి ఒక్క పక్కా డాబా లేని పల్లెలు సముద్రం అంచున ఎందుకున్నాయి? కబురు ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు? రాక్షసి అన్న ఒక్క మాటతో ఈ ప్రశ్నలన్నీ కొట్టుకుపోతాయి.

వాటిని కొట్టుకుపోనివ్వని కవిత ఒకటి వచ్చింది. దిగంబర కవుల్లో ఒకరైన నగ్నముని ఆ ఉప్పెన మీద రాసిన దీర్ఘకవిత 'కొయ్యగుర్రం'. ఆ పేరు చూడండి. అల కాదు, శవమూ కాదు, గుర్రం. అదీ కొయ్యది. కాళ్లుంటాయి, కదలదు. కళ్లుంటాయి, చూడదు. ఎక్కి కూర్చున్నవాడికి మాత్రం స్వారీ చేస్తున్నట్టే ఉంటుంది. కదలని పాలన యంత్రానికి ఆయన ఇచ్చిన రూపమది. చీకటినంతా సముద్రం మీద నుంచి తీసి తెచ్చి ఆ గుర్రం మీద పెట్టాడు. దివిసీమ మీద వచ్చిన కన్నీళ్ల కవితలు ఎన్నో మరుగున పడ్డాయి గానీ ఈ గుర్రం మాత్రం ప్రతి తుఫానుకూ గుర్తొస్తుంది. కరుణశ్రీ గారికీ నగ్నమునికీ మధ్య పద్యమూ వచన కవితా అన్న దూరం ఉంది, మర్యాదకూ తిట్టుకూ మధ్య ఉన్న దూరం ఉంది. ఇద్దరూ చేసిన పని మాత్రం ఒకటే. బాధ చూపిస్తూ చూపిస్తూ, చూపుడువేలు చేసినవాడి వైపు తిప్పారు.

ఇది పాత సంగతి అనుకుంటారేమో. 2024 సెప్టెంబరు మొదటి వారం గుర్తుంది కదా. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద, కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్న పడవలు. కృష్ణ అంత పొంగినా విజయవాడను ముంచింది బుడమేరు. సింగ్‌నగర్‌లో, రాజరాజేశ్వరీపేటలో జనం మేడల మీద రోజుల తరబడి కూర్చున్నారు. ఆ వారమంతా టీవీల్లో, పత్రికల్లో, మన కవితల్లో కూడా ఒకటే మాట: బుడమేరు, విజయవాడ దుఃఖదాయని.

మైలవరం వైపు కొండల నీళ్లు మోసుకుని కొల్లేట్లో కలవాల్సిన వాగు అది. దాని దారిలో ఇళ్లు కట్టాం, దాని చివర ఉన్న కొల్లేటిని చేపల చెరువులుగా గట్లు పోసి పంచుకున్నాం. 2006లో సర్కారే ఆ గట్లు కొట్టించింది, తర్వాత మళ్లీ లేచినవి లేచాయి. వాగు పాత దారి గుర్తు పెట్టుకుని వచ్చింది, మనం మరిచిపోయాం. వాగుకు దుఃఖదాయని అని బిరుదు ఇచ్చేశాక ప్లాను మంజూరు చేసినవాళ్లను, లేఅవుట్ వేసినవాళ్లను, తక్కువకొస్తోందని స్థలం కొన్నవాళ్లను అడగాల్సిన పని లేకుండా పోయింది. చీకటి చిత్రం చేసే హాని ఇదే. అది అందంగా కుదిరితే విచారణ అక్కడితో ఆగిపోతుంది. ఈ విషయంలో కవులకూ హెడ్డింగులు పెట్టే సబ్ ఎడిటర్లకూ నేను పెద్ద తేడా చూడను.

అయిదు

జూన్ అయిదున పర్యావరణ దినోత్సవానికి మన ఊళ్లలో కవి సమ్మేళనాలు జరుగుతాయి. నేనూ కొన్నిటికి అధ్యక్షత వహించాను కాబట్టి ఈ మాట అనే చనువు తీసుకుంటున్నాను. భూమాత కన్నీరు, పచ్చదనం శవపేటిక, ఊపిరాడని ఆకాశం, 'ఓ మనిషీ మేలుకో'. ప్రతి కవితా చీకటే. మంచి మనసుతో రాసినవే. వింటున్నప్పుడు హాల్లో ఎవరికీ ఇబ్బంది కలగదు. క్వారీ యజమాని ముఖ్య అతిథిగా వచ్చినా చప్పట్లు కొట్టి, శాలువా కప్పించుకుని వెళతాడు. ఓ మనిషీ అని పిలిస్తే పలికేవాడు ఎవరు? పుష్పవిలాపంలో పువ్వు మాట్లాడేది మానవజాతితో కాదు, బుట్ట పట్టుకుని ఎదురుగా నిలబడ్డ ఒక్కడితో. అందుకే అతను తిరిగి వెళ్లిపోవాల్సి వచ్చింది.

బయటి ప్రపంచంలో ఒక్క ఉదాహరణ చెబుతాను. 1962లో అమెరికాలో రేచల్ కార్సన్ రాసిన 'సైలెంట్ స్ప్రింగ్' ఒక కల్పిత ఊరితో మొదలవుతుంది. వసంతం వచ్చింది, పిట్ట కూయలేదు. ఆ మొదటి కొన్ని పేజీలు కవితలాగే ఉంటాయి. అక్కడే ఆగితే అదీ ఒక శోకగీతం అయ్యేది. తర్వాతి పేజీల్లో ఆమె డీడీటీ దగ్గర నుంచి మందుల పేర్లు పెట్టి చెప్పింది. కంపెనీలకు కోపం వచ్చింది. శోకగీతానికి ఎవరికీ కోపం రాదు.

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 1987-88లో తెల్లదోమ తగిలి పత్తి పోయినప్పుడు రైతులు పురుగుల మందు తాగి చనిపోయారు. ఆ తర్వాత తెలుగు కవిత్వంలోకి ఒక వస్తువు వచ్చి కూర్చుంది: మందు డబ్బా. మొన్నటి దాకా పురుగును చంపింది, నేలను చంపింది, ఇవాళ రైతును చంపింది. మూడు చావులకూ డబ్బా ఒకటే, అప్పు పెట్టి దాన్ని అమ్మిన కొట్టూ ఒకటే. కరుణశ్రీ గారి సూదికి దగ్గరగా వచ్చిన వస్తువు నా ఎరుకలో ఇదొక్కటే. ఇందులో ప్రకృతిది వేరే చావు, మనిషిది వేరే చావు అని విడదీయడం కుదరదు.

ఆరు

ఇక మంగళగిరికే వద్దాం. సగం పానకం తాగి సగం భక్తులకే వదిలే దేవుడు పైన కూర్చున్న కొండ మనది. చుట్టుపక్కల కొండల దగ్గరకు వచ్చిన పొక్లెయిన్‌లకు ఆ సగం లెక్క తెలియదు. ఈ మాట చమత్కారంగా ఉందని మీరు నవ్వారు. నాకు అదే అనుమానం, చమత్కారంతో సరిపెట్టుకుంటున్నానేమోనని. అందుకని కొండను వదిలి తోటల దగ్గరకు వెళతాను.

బేతపూడి, నిడమర్రు, నవులూరు వైపు మల్లెతోటలు మీకు నాకంటే బాగా తెలుసు. తెల్లవారకముందే ఆడవాళ్లు తోటల్లోకి దిగుతారు. విచ్చిన పువ్వు మార్కెట్టుకు పనికిరాదు, మొగ్గే కావాలి. సాయంత్రానికి విజయవాడలో ఎవరి జడలోనో అది విచ్చాలి. గోరుతో తుంచి ఒళ్లోకి వేసుకుంటూ, ఎండెక్కేలోగా పూర్తి చేసి, తూకం వేయించుకుని ఇంటికి పోతారు. ఇక్కడ పుష్పవిలాపం చదివితే ఇబ్బందిగా ఉంటుంది. గొంతు తుంచే చెయ్యి కూలికొచ్చిన ఆమెది. కరుణశ్రీ గారు చూసిన పూలబుట్ట ఆమె బుట్ట కాదు, ఆయన కోపమూ ఆమె మీద కాదు. కానీ కవితలో చెయ్యి ఒక్కటే కనపడుతుంది, ఆ చేతి వెనక ఉన్న బజారు కనపడదు. దీన్ని ఆ పద్యం హద్దు అని ఒప్పుకోవాలి. మహాకవుల పద్యాలకూ హద్దులుంటాయి.

ఈ ఊళ్లు రాజధాని పరిధిలోని 29 గ్రామాల్లోకి వచ్చాయి. భూసమీకరణలో మొత్తం 33 వేల ఎకరాలకు పైగా రైతులు ఇచ్చారు. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. ఇచ్చినవాళ్లున్నారు, ఇవ్వం అన్నవాళ్లున్నారు, ఇచ్చాక ఏడ్చినవాళ్లు, పనులు ఆగిపోయాక ఇంకా ఎక్కువ ఏడ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఎవరు రైటని ఈ వేదిక మీద తీర్పు చెప్పను. కవిత సంగతే చెబుతాను. రైతు సంతకం పెట్టాడు, కౌలు వచ్చింది, ప్లాటు రాసిచ్చారు. మొగ్గలు కోసిన ఆమె ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. తోట పోయిందని కవిత రాసేవాళ్లు పువ్వు ఏడ్చిందని రాస్తారు, రైతు ఏడ్చాడని రాస్తారు. ఆమె చేతి గోటికి పని లేకుండా పోయిన సంగతి ఎక్కడా కనపడదు. సూది పట్టిన చెయ్యి ఎవరిదని వెతుకుతూ పోతే ఇక్కడ చేతులన్నీ కలిసిపోయాయి. సంతకం ఒకరిది, మ్యాపు ఒకరిది, ధర ఒకరిది, ఆశ అందరిదీ. ఖాండవంలో లాగే ప్రతివాడి దగ్గరా ఒక ధర్మం ఉంది.

ఇక్కడ కూర్చున్న కుర్ర కవులకు ఒక పని చెప్పి ముగిస్తాను. చలికాలంలో మిగిలిన మల్లెతోటలకు ఒకసారి వెళ్లండి. నీరు ఆపేసి, ఆకు దూయించో, గొర్రెల మందను లోపలికి తోలించో, మొక్కను మోడు చేసి ఉంచుతారు. తర్వాత కొమ్మలు కత్తిరిస్తారు. చూస్తే ఎవరో పగబట్టి తోటను చంపేసినట్టే ఉంటుంది. ఫొటో తీస్తే మంచి చీకటి చిత్రం వస్తుంది. ఎండాకాలం మొగ్గ దండిగా రావాలని రైతు దగ్గరుండి చేయించిన పని అది. అక్కణ్ణించి రెండు చేలు దాటితే, కంపచెట్లు మొలిచి, హద్దురాళ్లు పాతి వదిలేసిన నేల ఉంటుంది. అక్కడా ఫొటో తీయండి. రెండు ఫొటోలూ ఒకేలా వస్తాయి. మీరు రాసే కవితలో ఏది ఏ తోటదో, గొర్రెలను లోపలికి తోలింది ఎవరో, రాయి పాతింది ఎవరో, రెండిటి మధ్యా మొగ్గలు కోసిన ఆమె ఇప్పుడు ఏ పనికి పోతోందో తెలియాలి. ముందు ఆమెను అడిగి రండి. రాసుకొచ్చింది వినడానికి నేను ఈ ఊరికి మళ్లీ వస్తాను, సన్మానం లేకపోయినా సరే.